ఎలుకలకు నానబెట్టిన మేత

సిరిసిల్లలో మా వీధిలో బట్ట నేసే సాంచాలు ఒక్కొక్కటే ఆగిపోయిన ఏడాది, హైదరాబాద్ శివారులో ఎలుకల దగ్గర పనికి కుదిరాను. ఎలుకలు పట్టే పని అనుకున్నారు ఇంట్లో. కాదు, వాటికి పక్క మార్చి, నీళ్లు పెట్టి, ఏసీ గదిలో చూసుకోవడమని చెబితే ఇంకా బాధపడ్డారు. మా ఇంట్లో సాంచాల మీద బతికినవాళ్లెవరికీ ఏసీ గాలి తగల్లేదు. ఎలుకల పుణ్యమా అని నాకు తగిలింది. మొదటి వారమే జలుబు చేసింది.

అది మందులు కనిపెట్టే చోటు. అక్కడి చిట్టెలుకలు మామూలువి కావు. వాటి వంశంలోనే ఒక జన్యువును తీసేసి పెంచుతారు. దాని పనేమిటో అక్కడి మేడం ఒకసారి నాకు విడమరిచి చెప్పింది. ఒంట్లో రోగాలతో కొట్లాడే సైన్యం ఒకటుంటుందట. ఇక చాలు, ఆగమని దానికి చెప్పేవాటిలో ఈ జన్యువొకటి. అది లేకపోతే సైన్యం ఆగదు. శత్రువు లేకపోయినా సొంత కీళ్ల మీదే పడుతుంది. మనుషులకు వచ్చే కీళ్లవాతంలోనూ ఇలాంటి కొట్లాటే కాబట్టి, కొత్త మందును ముందు ఈ ఎలుకలకు ఇచ్చి చూస్తారు. నాకు సులువుగానే అర్థమైంది. మా వీధిలో కూడా ఆపేవాళ్లు ఊళ్లో లేని రోజే కొట్లాటలు ముదిరేవి.

ఎలుకల పెట్టె మూతకు ఇనుప తీగల జాలీ ఉంటుంది, మేత అందులో ఉంటుంది. ఎలుక వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లతో జాలీ పట్టుకుని కొరుక్కోవాలి. పాదాలు వాచినవి లేవలేవు. వాటికి మేతను నీళ్లలో నానబెట్టి, మెత్తగా చేసి కింద పెట్టడం నా వంతు. వాటి కింద పక్కగా పరిచేది మక్కజొన్న బెండ్ల పొట్టు. మా దిక్కు కథలాపూర్ మక్కలు కూడా నాలాగే వలస వచ్చాయనుకునేవాణ్ని.

అక్కను కోరుట్లలో ఇచ్చారు. బావ దుబాయ్‌లో ఉన్నాడు. అతని కంపెనీ మూతపడింది. జీతమూ లేదు, వచ్చే దారీ లేదు. ఫోన్‌లో మాత్రం ప్రతిసారీ అంతా మంచిగానే ఉందనేవాడు. ఇల్లు అక్క చుట్టే బీడీల మీద నడిచేది. వేళ్లు ముడుచుకుంటేనే బీడీ, బీడీ ఉంటేనే పొయ్యి. ఆ వేళ్లు పొద్దున లేవగానే ముడుచుకోవడం మానేశాయి.

అక్క అత్తగారు ముందు తన వైద్యం చేసింది. కోడిని అక్క చుట్టూ దిగదుడిచి ఊరి బయట వదిలిపెట్టింది. రోగం కోడితో పోవాలి. అంగట్లో కొన్న కోడైతే పోయేదేమో, ఆమె ఇంట్లో పెంచినదాన్నే తీసుకెళ్లింది. తిరుగు దారిలో ఆమె ఎవరితోనో మాట్లాడి వచ్చేసరికి కోడి ముందే వాకిట్లో ఉంది. దిగదుడిచినదాన్ని కోయకూడదు, అమ్మకూడదు. ఆ ఇంట్లో నిశ్చింతగా బతికిన ప్రాణి అదొక్కటే.

ఆ తర్వాత సెలవు పెట్టి నేను కోరుట్ల వెళ్లాను. మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాం. అక్క జొన్నరొట్టెను తుంచలేదు. రెండు అరచేతులతో పట్టి గిన్నెలో వేసి, పైన నీళ్లు పోసి, నానేదాకా కూర్చుంది. అది నేను రోజూ చేసే పనే.

మరునాడు జగిత్యాలలో డాక్టర్‌కు చూపించాను. ఆ కీళ్లవాతమే. గోలీలు రాసిచ్చి, ముదరకుండా ఆపుతాయని, వంకర తిరిగిన వేళ్లను మాత్రం తిన్నగా చేయలేవని చెప్పాడు. బస్సులో అక్క దిగులుగా కూర్చుంటే ఎలుకల సంగతి చెప్పాను. ఆమె కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగింది.

"అంటే మన రోగాన్ని ఎలుక మీదికి దిగదుడుస్తున్నరన్నట్టు."

"గంతే అనుకో. కని మావి ఇల్లు జేరయి, మీ కోడి లెక్క గాదు."

"కొత్త మందుతోని వాపు తగ్గితే చెప్పురా తమ్మీ."

అప్పటినుంచి ఫోన్‌లో బావ సంగతి చెప్పడం కంటే ముందు ఎలుకల క్షేమం అడిగేది. నిజంగానే వాపు తగ్గసాగింది. మందు పడిన పెట్టెల్లో ఎలుకలు మళ్లీ లేచి జాలీ పట్టుకున్నాయి. నానబెట్టే మేత తగ్గింది. ఆ సంగతి చెబితే అక్క తన బీడీల చాట తుడిచి పెట్టుకుందట. ఆ మందు తనకెప్పుడిస్తారో అడగమంది.

మేడంను అడిగాను. ఆమె నవ్వలేదు, కసురుకోలేదు. ఎలుకకు పనిచేసింది మనిషికి పనిచేయకపోవచ్చని, చేసినా అది బయటికి రావడానికి ఏళ్లు పడుతుందని చెప్పి నేల చూసింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. పరీక్ష ముగిసింది, లోపల కీళ్లు ఎలా ఉన్నాయో చూడాలి, కాబట్టి అన్నిటినీ చంపాలి. బాగుపడినవాటిని కూడా. బాగుపడినవాటిని చూడటమే ముఖ్యమట.

ఆ వారం ఖాళీ పెట్టెలు కడిగాను. నానిన మేత అంటుకోని, అంత శుభ్రమైన పెట్టెలు కడగడానికి ఎప్పుడూ దొరకలేదు.

మళ్లీ కోరుట్ల వెళ్లేసరికి బీడీల చాట లేదు, ఆకు కత్తెర లేదు. పక్కింటామెకు ఇచ్చేసిందట. గోలీలతో నొప్పి తగ్గింది కానీ వేళ్లు అలాగే ఉన్నాయి. మందు సంగతి దాచకుండా చెప్పాను. అక్క తలూపింది.

"మంచిగైన ఎలుకలను ఇడిసిపెట్టిండ్రా మరి?"

"లేదక్కా."

"ఒక్కదాన్ని గుడనా?"

"ఒక్కదాన్ని గుడ."

కోడి వచ్చి గడపలో నిలబడింది. అక్క దానివైపు చూసి, లోపలికి వెళ్లి, రొట్టె గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. నేను రొట్టె తుంచి నీళ్లు పోశాను. చేయి అలవాటు ప్రకారం మెత్తగా అయిందో లేదో నొక్కి చూశాను.

"గా ఎలుకలకు గుడ గిట్లనే పెట్టినవా?"

"ఔ."

"తిన్నయా?"

"తిన్నయి."

"అయితే ఇటియ్యి" అంది అక్క, రెండు అరచేతులూ చాపి.