మ్యాంగో మాటకు సొంతదారులు

తిరుపతిలో మా పక్కింటాయన రిటైర్డు ఇంగ్లిషు లెక్చరరు. మొన్న మామిడిరసం తాగుతూ ‘‘మ్యాంగో అంటే ఎంత నాగరికంగా ఉందయ్యా, మామిడి అంటే మట్టివాసనే’’ అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మాట పుట్టింది మన పక్కనే. తమిళంలో మాంగాయ్ అంటారు. మా అంటే మామిడి, కాయ్ అంటే కాయే. కేరళ రేవుల్లో మాంగ అని విని పోర్చుగీసువాళ్లు పట్టుకుపోయారు, వాళ్ల దగ్గర ఇంగ్లిషువాడు తీసుకున్నాడు. ఓడల్లో ఊరగాయగానే చేరేది కాబట్టి, కొంతకాలం ఏ ఊరగాయనైనా మ్యాంగో అనేశాడు. అదీ వాళ్ల నాగరికత. ఇంతకీ మామిడి పండించేవాళ్లు ఏమంటారో వినాలనిపించి, మర్నాడు ఉదయం ఆరింటికి చిత్తూరు బస్సెక్కాను.

రెండు గంటల పైనే ప్రయాణం. అక్కడినుంచి షేర్ ఆటోలో ఊరి బయట గుజ్జు ఫ్యాక్టరీకి ముప్పై రూపాయలు. గేటు ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు కనుచూపు మేర ఆగి ఉన్నాయి. మధ్యలో ఒక బండి నీడన మునెమ్మ అనే రైతు కూర్చుని ఉంది.

‘‘నిన్న వచ్చినాను సారూ. అడుగుకాయ మెత్తబడతా ఉండాది. ఈపొద్దు దించకుంటే రోడ్డున పారబోసి పోవాల్సిందే.’’

మ్యాంగో అన్న మాట పుట్టిన కథ చెప్పాను. నవ్వింది. ‘‘మా అవ్వది అరవ ఊరే, మాంగా అనే అనేది. అంటే దొరలకు పేరు నేర్పింది మా అవ్వా?’’

‘‘మీ అవ్వలాంటి వాళ్లే.’’

‘‘అట్లయితే గేటుకాడ సెప్పు సారూ, పేరు పెట్టినోళ్లు వచ్చి ఎండలో ఉండారని.’’

నిజంగానే వెళ్లి చెప్పాను, అరిచే చెప్పాను. వాచ్‌మన్ తలుపు తీయలేదు.

మధ్యాహ్నానికి, వరుసలో అందరికంటే ముందున్న దొరసామి అనే రైతు ఒక్కో బండిలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, కాయ తీసి, వాసన చూస్తున్నాడు. మధ్యాహ్నం పూట అలా చూడడం ఆ వరుసలో ఆనవాయితీ. ఎవరి కాయ ఎక్కువ మెత్తబడితే వాళ్ల బండి ముందుకు.

‘‘అక్కా, నీది రేపటికి నిలవదు. నా కాయ రాయి మాదిరి ఉండాది. నువ్వు పో.’’

‘‘నువ్వో అప్పా?’’

‘‘నాకేం, సారు ఉండాడు గదా. ఇంగో కథ సెప్తాడు.’’

వరుసంతా నవ్వింది. ట్రాక్టర్లు ఒక్కొక్కటే పక్కకు జరిగాయి. సాయంత్రం గేటు తెరవగానే మొదట లోపలికి పోయింది మునెమ్మ బండి.

తిరుపతి చేరాక, దొరసామి ఇచ్చిన రాయిలాంటి కాయలు ఉప్పుకారంతో లెక్చరరు ముందు పెట్టాను. వాదించకుండా తిన్నాడు, రెండోది కూడా కోయమన్నాడు. నాకు మాత్రం కోపం తగ్గలేదు. పేరు సముద్రాలు దాటింది. పేరు పెట్టినవాళ్లు గేటు దాటడానికి రెండు రోజులు పట్టింది. ఎవరి బండి ముందు పోవాలో న్యాయం చూడవలసినవాళ్లు లోపల చల్లగా కూర్చున్నారు. చూసినవాళ్లు మాత్రం ఎండలో ఉన్నారు.

మీరు జూన్‌లో అటు వెళ్తే నీళ్ల క్యాను ఒకటి పట్టుకెళ్లండి. కొళాయి గేటు లోపలే ఉంది.