పసుపు పోగు తర్వాత పట్టు

నిదానంగా నడిచే దేన్ని చూసినా నాకు ఒళ్ళు మండుతుంది. గద్వాల బస్సు ఎర్రవల్లి చౌరస్తాలో ఆగి, డ్రైవరు తీరిగ్గా చాయ్ తాగుతుంటే, సీట్లో కూర్చుని పళ్ళు నూరుకునే రకం నేను. అలాంటి నేను రాసిన ప్రోగ్రామునే ఒక పెద్దాయన నిదానం అన్నాడు. అదీ నవ్వుతూ అన్నాడు.

"డబ్బా మంచిదే బిడ్డా, గానీ జర సోంచాయిస్తది. నేను తొక్కినంక, ఏం జేద్దునా అని కొంచెం సేపు చూస్తది."

ఆయన గద్వాలలో చీరలు నేసే మనిషి. భార్యాభర్తలిద్దరూ ఒకే మగ్గం మీద కూర్చుంటారు. గద్వాల చీరకు ఒడలంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆయన ఒక వైపు, ఆమె ఇంకో వైపు. నేను ఆయన్ని పెదనాయినా అనీ, ఆమెను పెద్దమ్మా అనీ పిలిచేదాన్ని. అంచు మీద పూలు రావడానికి ఏ వరసలో ఏ దారాలు లేవాలో చెప్పే చిల్లుల అట్టలు ఇదివరకు మగ్గం పైన వేలాడేవి. వాటి బదులు మేమొక చిన్న డబ్బా పెట్టాం. వనపర్తిలో మాది ఇద్దరు మనుషుల దుకాణం. డబ్బా చేసింది మా సారు, దాని లోపలి బుద్ధి నాది. ముందు వాళ్ళింట్లోనే పెట్టి చూశాం.

ఆ బుద్ధి ఎలాంటిదో కొంచెం చెప్పాలి, లేకపోతే నా తప్పు ఏమిటో తెలియదు. డిజైన్లు రాసేవాళ్ళ కోసం నేనొక చిన్న కంప్యూటరు భాష తయారుచేశాను. అందులో 'పోగు' అనే పేరు ఉంటుంది. ఆ పేరులో ఇప్పుడు నూలు ఉండొచ్చు, కాసేపటికి పట్టు ఉండొచ్చు; ఏది వేస్తున్నారో నేసేవాళ్ళు డబ్బా మీది నూలు బటనో, పట్టు బటనో నొక్కి చెబుతారు. 'ఎత్తు' అంటే నూలు ఒక రకంగా లేస్తుంది, పట్టు ఇంకో రకంగా లేస్తుంది. పట్టు సన్నం కాబట్టి దగ్గర దగ్గరగా కట్టు పడాలి, లేకపోతే పోగు వదులుగా తేలుతుంది; నూలుకు అంత అక్కర్లేదు. అందుకని పెదనాయిన తొక్కిన ప్రతిసారీ నా ప్రోగ్రాము, "నువ్వు నూలువా, పట్టువా?" అని పోగును అడిగి, దాన్ని ఎత్తే పద్ధతి ఎక్కడుందో వెతికి, అప్పుడు ఎత్తేది. ఆయన సోంచాయింపు అన్నది దీన్నే.

దీనికి మా పనిలో అందరికీ తెలిసిన ఉపాయం ఉంది. ఒకే చోట ఒకే జవాబు మళ్ళీ మళ్ళీ వస్తుంటే, దాన్ని గుర్తుపెట్టుకుని వెతుకులాట మానేయాలి. నేరుగా పని చేసేయాలి. కాకపోతే చేసేముందు, "ఇంకా అదే పోగా?" అని ఒక్కసారి చూసుకోవాలి. పేరులోకి కొత్త పోగు వస్తే పాత గుర్తును చెరిపేయాలి. ఇవన్నీ బుద్ధిగా రాశాను. రాసి, అంచు దగ్గర మాత్రం ఆ చూసుకోవడాన్నీ, చెరిపేయడాన్నీ తీసేశాను. ఎందుకంటే ఇంకొంచెం వేగం వస్తుందని. అంచు నూలుతో మొదలైతే చీర అయ్యేదాకా నూలే, పట్టుతో మొదలైతే పట్టే, మధ్యలో ఎవరు మారుస్తారు అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. మాది నాగర్‌కర్నూలు వైపు, పత్తి చేలు తప్ప మగ్గం మొహం చూసి పెరిగినదాన్ని కాదు. అడిగితే నా సొమ్మేం పోయేది?

నూలు అంచుతో నేయించి చూశాం, పట్టు అంచుతో నేయించి చూశాం. చీర చీరకూ డబ్బా ఆపి మళ్ళీ వేస్తారు కాబట్టి పాత గుర్తు పోతుంది. రెండూ అద్దంలా వచ్చాయి. "ఇప్పుడు నీ డబ్బా నా కాలు ఎంబడే వస్తది బిడ్డా" అన్నాడు పెదనాయిన. ఆయన మగ్గం వైపు చూడకుండానే నేస్తున్నాడు. పెద్దమ్మతో కూరగాయల ధరల గురించి మాట్లాడుతూ, మధ్యలో నన్ను ఆటపట్టిస్తూ, చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నేను ఉబ్బిపోయాను. బస్సులో వనపర్తి దాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

తర్వాత ఆ మగ్గం మీదికి కొత్త పడుగు, అంటే కొత్త నిలువు దారాల చుట్ట, ఎక్కింది. మొదటి చీర కోసి తిరగేసి చూస్తే అంచు మీద పట్టు పోగులు కట్టు లేకుండా తేలిపోయి ఉన్నాయి. గాజు తగిలితే లేచొచ్చేలా ఉన్నాయి. చీర ముఖాన్ని కిందికి పెట్టి నేస్తారు కాబట్టి కోసేదాకా ఎవరికీ కనబడలేదు. పడుగులిచ్చి నేయించుకునే సావుకారి చీర చూసి ఒక్కటే మాట అన్నాడట. "పట్టు బటన్ నొక్కుడు మర్చిపోయిండు. ముసలోనికి యాది తప్పుతుంది. ఇగ పట్టు పడుగు ఇయ్య. తువ్వాలలు నేసుకొమ్మను."

పెద్దమ్మ ఫోను చేసి ఇదంతా చెప్పింది. "నొక్కిండు బిడ్డా, నా కండ్ల ముంగట నొక్కిండు. సావుకారి ఇంటలేడు. పుట్టినకాడి నుంచి పట్టు పట్టిన చెయ్యి, ఇప్పుడు తువ్వాలలు నెయ్యమంటే ఎట్ల? నీ డబ్బాల ఏమన్న ఉన్నదేమో జర చూడరాదు?"

నేనేం చేశానో రాయాలంటే సిగ్గుగా ఉంది. ముందు నాకు కలిగింది నిశ్చింత. హమ్మయ్య, బటన్ మర్చిపోయాడట, నా ప్రోగ్రాము తప్పు కాదు. ల్యాప్‌టాప్ నా ముందే ఉంది, తెరవలేదు. "డబ్బా మంచిగనే ఉన్నది పెద్దమ్మా. వయసైతుంది గదా, పెదనాయిన మర్చిపోయి ఉంటడు. నొక్కేటప్పుడు జర చూసుకొమ్మను" అన్నాను. మంచి సలహా ఇచ్చినట్టు కూడా అనిపించింది నాకు. ఫోను పెట్టేసి చాయ్ పెట్టుకుని తాగాను.

కొన్నాళ్ళకు ఆమే మళ్ళీ చేసింది. ఆయన కండ్ల దవాఖానకు పోయి వచ్చాడట. చూపు బాగానే ఉందన్నారట. అది విని ఆయన ఇంకా దిగులుపడ్డాడట. కళ్ళు బాగుంటే మరి పోయింది బుర్రేనని అనుకున్నాడట. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటున్నాడు గానీ నేయడం లేదంది. నాకు పాపం అనిపించి గద్వాల బస్సెక్కాను. ఓదార్చడానికట, నా మొహానికి!

నేను వెళ్ళేసరికి పెద్దమ్మ గడప దగ్గర కూర్చుని పళ్ళెంలో పసుపు కలిపి అందులో నూలు పోగులు తడుపుతోంది. పెదనాయిన గోడకు ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు గానీ ఆటపట్టించలేదు.

"ఇదేంది పెద్దమ్మా?" అని ఊరికే అడిగాను.

"తువ్వాలల పడుగు వచ్చింది గదా. కొత్త పడుగు ఎక్కిస్తే ముందుగాల పసుపు పోగుతోటి కొంచెం నేస్తం. మా అత్త కాలం నుంచి గిదే."

"పట్టు చీరకు గూడనా?"

"దేనికైనా అంతే. అంచులకు గూడ పసుపు పోగే ఆడాలె. గది అయినంకనే పట్టు."

"మరి అప్పుడు ఏ బటన్ నొక్కుతడు?"

"పసుపు పోగు నూలే గదా, నూలు బటన్ నొక్కుతడు. అయినంక పట్టుది. ఆయన గట్ల తప్పే మనిషా?"

ఇంతకుముందు మేము డబ్బా పెట్టింది సగం నేసిన పడుగు మీద. పసుపు పోగు ముచ్చటే రాలేదు. అక్కడే చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్ తీశాను. ప్రోగ్రాముకు ముందు నూలు ఇచ్చాను, అంచు నూలు పద్ధతిలో లేచింది. ఇంకా ఇచ్చాను, ప్రోగ్రాము గుర్తుపెట్టేసుకుంది. ఇప్పుడు పట్టు ఇచ్చాను. పేరులోకి పట్టు వచ్చింది, అది మాత్రం నిజం. కానీ ఎత్తే చోట అడిగేవాళ్ళు లేరు, చెరిపేవాళ్ళు లేరు. నూలును ఎత్తినట్టే పట్టును ఎత్తుకుంటూ పోయింది. తెర మీద పువ్వు పువ్వుకూ పోగులు తేలాయి.

ఆయన నొక్కాడు. నూలు నొక్కాల్సిన చోట నూలు, పట్టు నొక్కాల్సిన చోట పట్టు. ఏడుపొచ్చింది నాకు. ఆపుకోలేదు కూడా.

"పెదనాయినా, నువ్వు నొక్కినవ్. రెండూ సరిగనే నొక్కినవ్. తప్పు నాది. తొందర కోసమని డబ్బా చూసుకునుడు నేనే తీసేసిన."

"పోనీలే బిడ్డా, ఏడుస్తరా గంత దానికి" అన్నాడు ఆయన.

పెద్దమ్మను వెంటబెట్టుకుని సావుకారి కొట్టుకు పోయి, ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు తిట్లు పడతాయనుకున్నాను, పడాలనే పోయాను. ఆయన చీర తిరగేసి చూసి, నా ల్యాప్‌టాప్ చూసి, "అట్లనా, అయితే ముసలోని తప్పు లేదు, బేఫికర్" అని తువ్వాలల పడుగు వాపసు తీసుకుని పట్టుదే పంపాడు. వనపర్తికి వచ్చి తీసేసినవి మళ్ళీ పెట్టాను. ఆ మాత్రానికి ఎంత నిదానమైందో కొలిచి చూస్తే, ఏ మనిషి కాలికీ తెలియనంత. దానికోసమా నేను కక్కుర్తిపడింది! ఎవరూ ఒక్క మాట అనలేదు.

మొన్న మళ్ళీ పోయాను. డబ్బా ఎలా నడుస్తోందో చూడాలని వంక, ఆయన నేయడం చూడాలని అసలు కోరిక. పసుపు పోగు అయిపోయి పట్టు మొదలవుతోంది. పెదనాయిన బటన్ నొక్కాడు. అడ్డపోగు విసిరే నాడె చేతిలోకి తీసుకున్నాడు. విసరలేదు.

"నొక్కిన్నా?" అని పెద్దమ్మను అడిగాడు.

"నొక్కినవ్."

ఒక వరస వేశాడు. మళ్ళీ ఆగి, వంగి డబ్బా వైపు చూశాడు. "పట్టుదేనా నొక్కింది?"

"పట్టుదే."

ఇంకో వరస. మళ్ళీ ఆగాడు. కూరగాయల ముచ్చట లేదు, నా మీద వేళాకోళం లేదు. పెద్దమ్మ అటువైపు నాడె పట్టుకుని ఎదురుచూస్తోంది. రోజుకు నేసే దాంట్లో సగం కూడా రావడం లేదని ఆమె నాకు చెవిలో చెప్పింది. నేనూ ఏ వరసకావరస పళ్ళు బిగబట్టి చూస్తున్నాను గానీ ఈసారి నాకు కోపం రాలేదు, భయం వేసింది.

"పెదనాయినా, మళ్ళ చెప్తున్న. నువ్వు ఏం మర్చిపోలే. అప్పుడు గూడ మర్చిపోలే. తప్పు నాదని చెప్పిన కదా" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే లేచింది.

ఆయన తలెత్తాడు. కోపం ఏమీ లేదు ముఖంలో.

"చెప్పినవ్ బిడ్డా, కాదనలే. సావుకారి అన్ననాడు నేను గూడ నమ్మలే. ఆయనకేం తెలుసు అనుకున్న. గానీ నువ్వు ఫోన్ల అంటివి చూడు, వయసైతుంది, మర్చిపోయి ఉంటడు అని. మీ పెద్దమ్మ స్పీకరు పెట్టింది. డబ్బా చేసినదానివి నువ్వే అంటే, ఇగ నిజమే అనుకున్న. తర్వాత నువ్వు కాదంటివి. ఎరికే. కానీ ఆ ముందటి మాట పోతలేదు."

ప్రోగ్రాములో అయితే ఆ చెరిపేయడాన్ని ఎక్కడ పెట్టాలో తెలుసు, పెట్టాను. ఈయనకు ఎక్కడ పెట్టాలి?

ఆయన మళ్ళీ బటన్ మీద వేలు పెట్టి, ఈసారి పెద్దమ్మను కాకుండా నన్ను అడిగాడు.

"బిడ్డా, జర నువ్వు చూడు. నొక్కిన్నా?"

"నొక్కినవ్ పెదనాయినా" అన్నాను.

ఆయన సరేనన్నట్టు తలూపి, మళ్ళీ నొక్కాడు.