కాక కారు, మా ఆయన కారు

చిక్కడపల్లిలో మా సందులో ఆదివారం ఎవరూ గడియారం చూడనక్కర్లేదు. మా కాక కారు స్టార్ట్ చేశాడంటే తెల్లారినట్టే. కాక అంటే నాన్న తమ్ముడు. నారాయణగూడ చౌరస్తా దగ్గర, కాలిపోయిన మోటార్లకు, ఫ్యాన్లకు వైండింగ్ చేసే దుకాణం ఆయనది. నెమ్మదైన మనిషి. దుకాణంలో ఆయన గొంతెత్తగా ఎవరూ వినలేదు. కారెక్కగానే ఆ నెమ్మది ఎటు పోయేదో!

అందరి దగ్గరా కనబడే చిన్న కారే అది. మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు, వెనక తలుపు పెట్టె మూతలా పైకి లేచేది. కానీ కాక దాన్ని కొన్నది కొన్నట్టు ఉంచలేదు. వెడల్పాటి టైర్లు వేయించాడు. స్ప్రింగులు కోయించి కిందికి దించాడు. కార్బురేటర్‌కు మరమ్మతులు చేయించి పికప్ పెంచాడు. సైలెన్సర్ పీకేసి లావుపాటి గొట్టం బిగించాడు. దాని చప్పుడుకు ఎదురింటి పెద్దాయన గోడ మీదుగా తల పెట్టి, "ఇది కారా, పిండిగిర్నీయా?" అని అడిగేవాడు. కాక భార్య, మా చిన్నమ్మకు అదేమీ నవ్వులాట కాదు. వాళ్లకు పిల్లల్లేరు. "నా సవతి వాకిట్లనే ఉన్నది" అనేది, ముఖం అటు తిప్పుకుని.

నేను డిగ్రీలో ఉండగా కాక నాకు ఆ కారులోనే డ్రైవింగ్ నేర్పాడు. ఆడపిల్లకెందుకని నాయనమ్మ గొణిగితే, "ఆడపిల్లకే కావాలె" అన్నాడు. తొంభైల మొదట్లో ఆదివారం పొద్దున ఆ రోడ్లు మావే. అశోక్‌నగర్ మీదుగా ఇందిరా పార్కు, అక్కణ్నుంచి లోయర్ ట్యాంక్ బండ్ దిగి కవాడిగూడ, మళ్లీ దోమలగూడ తిరిగి నారాయణగూడలో ఇరానీ చాయ్. అదే మా దారి, ప్రతి వారం.

"స్టీరింగు గట్ల ఒత్తి పట్టకు బిడ్డా. అది చెప్తుంటది, నువ్వు ఇను."

నిజంగానే చెప్పేది. రోడ్డు మీద గులకరాయి ఉన్నా అరచేతికి తెలిసేది. కాళ్ల కింద రేకు వణికేది. తారు మారితే చప్పుడు మారేది. మూడో గేరులో నలభై దాటితే చాలు, నింగికి లేచినట్టుండేది. ఇందిరా పార్కు మలుపులో కారు ఒక పక్కకు ఒరిగి టైర్లు కీచుమంటే నేను అరిచేదాన్ని, కాక పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు ఇంట్లో ఎన్నడూ వినలేదు. మేము అరవై దాటిన రోజులు తక్కువే. అయినా ఆ వేగం మళ్లీ ఏ కారులోనూ నాకు దొరకలేదు.

ఒక విషయం మాత్రం మేమంతా చూస్తూనే ఉన్నాం, ఎవరికీ తట్టలేదు. పొద్దుగూకాక కాక కారు తీసేవాడు కాదు. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు చిన్నమ్మను ఆటోలోనే తీసుకెళ్లేవాడు. "ఎదురుంగ వచ్చే లైట్లు పరేషాన్ చేస్తయి" అనేవాడు. ఇంట్లో పీటలకు తట్టుకునేవాడు. పక్కన పెట్టిన చాయ్ గ్లాసు మోచేత్తో పడేసేవాడు. "ధ్యాస అంత ఆ బండి మీదనే" అని చిన్నమ్మ తుడిచేది. మేం నవ్వేవాళ్లం.

ఒక ఆదివారం, ముందు రాత్రంతా వాన పడి పొద్దునకు తెరిపిచ్చింది. కాక నడుపుతున్నాడు, నేను పక్కన కూర్చున్నాను. అశోక్‌నగర్‌లో హాస్టళ్లున్న సందు ముందు నుంచి పోతున్నాం. ఊళ్ల నుంచి వచ్చి సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకునే పిల్లలుండే చోటు. ఎడమ పక్క సందులోంచి ఒక కుర్రవాడు పరుగెత్తుకుంటూ రోడ్డు మీదికి వచ్చాడు. నిక్కరు, బనీను, కాళ్లకు తెల్ల బూట్లు. నాకు స్పష్టంగా కనబడ్డాడు. కాకకూ కనబడే ఉంటాడు, బ్రేకు వేస్తాడు అనుకున్నాను. వేయలేదు.

"కాకా!" అని అరిచాను. అప్పటికే ధడేలుమంది.

కారు ఆగింది. కాక నా వైపు తిరిగాడు. "ఏమైంది?" అన్నాడు.

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినబడుతుంది. గుద్దినవాడు అడిగే ప్రశ్న కాదది. ఆయనకు నిజంగా తెలియదు.

హాస్టల్ పిల్లలు గుంపుగా పరుగెత్తుకొచ్చారు. ఒకడు కాకను కాలరు పట్టి బయటికి లాగాడు. ఇంకొకడు చెంప మీద కొట్టాడు. కాక చెయ్యి అడ్డం పెట్టలేదు. రోడ్డు మీద పడ్డ కుర్రవాడి కాలు మోకాలి కింద వేరే దిక్కుకు తిరిగి ఉంది. అతను ఏడవడం లేదు. "నా కాలు జర చూడన్నా, నా కాలు జర చూడు" అని పక్కవాణ్ని బతిమాలుతున్నాడు.

పోలీసుల దగ్గర కాక తప్పంతా తనదేనని చెప్పాడు. ఆస్పత్రికి రోజూ వెళ్లేవాడు. కొన్నిసార్లు నేనూ తోడు వెళ్లాను. కుర్రవాడి తండ్రి ఊరి నుంచి వచ్చి మంచం కింద తుండుగుడ్డ పరుచుకుని పడుకునేవాడు. మాతో ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. కుర్రవాడే మాట్లాడాడు. ఎస్సై పరీక్షకు తయారవుతున్నాడట. చదువులో కంటే పరుగులో గట్టివాడట. అందుకే రోజూ పొద్దున ఇందిరా పార్కు చుట్టూ పరుగెత్తేవాడు.

"సార్, నేను రోడ్డు మీదికి వచ్చిన. మీరు ఆరన్ గూడ కొట్టలే. నన్ను చూడలేదా?" అన్నాడు ఒకరోజు.

"చూడలే తమ్ముడు."

"మరి ఎటు చూస్తున్నరు?"

"ముందటికే."

కుర్రవాడు నా వైపు చూశాడు.

ఆ వారమే నాన్న బలవంతంగా కాకను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను. డాక్టరు ఎదురుగా కూర్చుని, "నన్నే చూడండి, వేలు కనబడగానే చెప్పండి" అని చెవి పక్క నుంచి వేలు ఆడిస్తూ ముందుకు తెచ్చాడు. చెవి దాటింది, కణత దాటింది, కంటి కొన దాటింది. కాక మాట్లాడలేదు. దాదాపు ముక్కు దగ్గరికి వచ్చాక, "ఆఁ, గిప్పుడు" అన్నాడు. నాన్న గోడకు ఆనుకున్నాడు.

రేచీకటితో మొదలయ్యే జబ్బట. పక్క చూపు కొంచెం కొంచెం మూసుకుపోతుంది. అప్పటికే కాక ఒక సన్నటి గొట్టంలోంచి లోకాన్ని చూస్తున్నాడు. అదీ పోతుంది, మందు లేదు అన్నాడు డాక్టరు. "ఇన్నేళ్లు కారెట్లా నడిపారండీ?" అని ఆశ్చర్యపోయాడు.

"దానికి అలవాటున్న తొవ్వ సార్. అది చెప్తుంటే నడుపుకుంట వచ్చిన" అన్నాడు కాక.

ఆటోలో తిరిగి వస్తుంటే నాకు అర్థమైంది. ఏ కారు చెప్పే మాటలు వినమని నాకు నేర్పాడో, ఆ మాటలే ఆయన కళ్ల లోపాన్ని ఇన్నాళ్లు కప్పిపెట్టాయి. చేతులతో, కాళ్లతో, చెవులతో ఆయనకు రోడ్డంతా తెలిసేది. రోడ్డు మీదికి కొత్తగా వచ్చే మనిషి ఒక్కడే తెలిసేవాడు కాదు.

కొన్ని నెలలకు ఆ కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. లోపల రాడ్ వేశారు, కాలు కురచైంది. మెట్ల మీద ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడ్చినట్టుగా వినబడింది. చిన్నమ్మ కంచం పెట్టి అన్నం వడ్డించింది. తల వంచుకుని తిన్నాడు.

"పోలీసు అయితే ఇగ లేదు సార్. ఉరుకుడు ఉంటది గదా. గ్రూప్స్ రాస్తున్న" అన్నాడు.

"వస్తది తమ్ముడు" అన్నాడు కాక. ఆ మాట ఆయనే నమ్మినట్టు లేదు.

పోయేముందు వాకిట్లో గుడ్డ కప్పి ఉన్న కారు దగ్గర ఆగాడు. "గిదేనా సార్?" అన్నాడు. గుడ్డ ఒక కొస ఎత్తి చూసి, "చిన్నగనే ఉన్నది" అన్నాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. మళ్లీ గుడ్డను సరిగ్గా కప్పి వెళ్లిపోయాడు. కాక ఒకసారి వెతుక్కుంటూ హాస్టల్‌కు పోతే, గది ఖాళీ చేసి ఊరికి పోయాడని చెప్పారు. అతను ఏమయ్యాడో మాకు తెలియలేదు.

కాక కారు అమ్మలేదు. ముట్టుకోనూ లేదు. వాకిట్లో తులసికోట పక్కన అలాగే ఉండేది. చిన్నమ్మ దాన్ని తప్పించి ముగ్గేసేది. కాక చూపు డాక్టరు చెప్పిన దానికంటే తొందరగా పోయింది. వైండింగ్ పని కొన్నాళ్లు వేళ్లతో తడిమి చేశాడు. తర్వాత దుకాణం పనివాళ్లకే వదిలేశాడు.

నా పెళ్లయి అశోక్‌నగర్‌లోనే కాపురం పెట్టాం. దశాబ్దం చివర్లో మా ఆయన కొత్త కారు కొన్నాడు. అప్పుడే కొత్త రకం చిన్న కార్లు వస్తున్నాయి. కార్బురేటర్ లేదు, చోక్ లాగే పని లేదు. స్టీరింగు ఒక వేలితో తిరిగేది. ఏసీ. కాక కారు కంటే ఇంజను బలం ఒకటిన్నర రెట్లు ఉండేది. మా ఆయన స్నేహితుల్లో పాత బండి మజాయే వేరని వాదించేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ల నోరు మూయించడానికి ఆయనకు ఒక పెద్దమనిషి మాట కావాలి. కార్ల విషయంలో మా ఇంట్లో పెద్దమనిషి కాకే.

"మామా, ఒక్క రౌండు కూసోండ్రి. మీరే చెప్పాలె" అని వెంటపడ్డాడు. ప్రమాదం జరిగిందని తెలుసు గాని, ఆ కుర్రవాడి సంగతి ఆయనకు సగమే తెలుసు. కాక వద్దనలేకపోయాడు.

ఆదివారం పొద్దున నేను నడిపాను. కాక పక్క సీట్లో, మా ఆయన వెనక. అశోక్‌నగర్ దాటి ఇందిరా పార్కు మలుపు తిరిగాను. కారు ఒరగలేదు, టైర్లు కీచుమనలేదు. కాక రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద పెట్టాడు, ఏదో తడుముతున్నట్టు.

"మూడో గేర్ల ఒక్కసారి తొక్కు బిడ్డా."

తొక్కాను. సీటు వీపును ముందుకు తోసింది. కాక ముఖం ఒక్క క్షణం వెలిగింది. "అబ్బ! పికప్ మస్తున్నది" అన్నాడు. వెనక నుంచి మా ఆయన చప్పట్లు కొట్టాడు.

"ఎంతల ఉన్నం? నలభయ్యా?"

"డెబ్బై, కాకా."

ఆయన చెవి అద్దానికి ఆనించాడు. కాసేపటికి, "ఎక్కడున్నం?" అన్నాడు.

"లోయర్ ట్యాంక్ బండ్."

"అప్పుడేనా?" కొంచెం దూరం పోయాక మళ్లీ, "ఇప్పుడు ఎక్కడున్నం?" గొంతులో భయం విన్నాను. చూపు పూర్తిగా పోయాక కూడా ఆటోలో కూర్చుంటే, కుదుపును బట్టి ఏ సందులో ఉన్నామో చెప్పే మనిషి. ఈ కారులో అద్దాలు బిగించి, ఏసీ చల్లదనంలో, ఏమీ కుదపకుండా పోతుంటే ఆయనకు లోకం ఆనవాలు దొరకలేదు. "అద్దం దించు, అద్దం దించు బిడ్డా" అన్నాడు.

దించి నెమ్మదిగా పోనిచ్చాను. పొద్దున్నే నడవడానికి వచ్చినవాళ్లు రోడ్డు పక్కన పోతున్నారు. ఎవరో పరుగెత్తుతున్నారు. బూట్ల చప్పుడు మా పక్కకు వచ్చి, దాటి, వెనకబడింది.

"ఆపు" అన్నాడు కాక.

ఆపాను. ఇంజను నడుస్తోందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా ఉంది.

"ఎవరో ఉరుకుతున్నరు గదా?"

"అవును కాకా."

"నాకు ఇనబడ్డది." తల వెనక్కి తిప్పి ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా విన్నాడు. తర్వాత, "నా బండిల ఇనబడకపోయేది. గంత చప్పుడు నేనే పెట్టిచ్చిన" అన్నాడు.

మా ఆయన వెనక నుంచి ముందుకు వంగి ఏదో అనబోయాడు. అద్దంలో నేను తల అడ్డంగా ఊపాను. కాక చెంపల మీద నీళ్లు జారుతుంటే తుడుచుకోలేదు. ఒడిలో చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నారాయణగూడలో చాయ్ తాగుదామా అని అడిగితే, ఇంటికి పోదామన్నాడు.

దిగేటప్పుడు మా ఆయన ఉండబట్టలేక అడిగాడు. "ఏమంటరు మామా, బండి?"

"మంచి బండి అల్లుడా. నిమ్మళంగ నడుపుకోండ్రి."

ఆ నెలలోనే కాక పాత కారును కవాడిగూడలో ఒక మెకానిక్‌కు ఇచ్చేశాడు. సామాను విడదీసి అమ్ముకుంటానన్నాడు అతను. తీసుకుపోతుంటే చిన్నమ్మే ఏడ్చింది, అన్నేళ్లు సవతి అని తిట్టినావిడ. కాక లోపల మంచం మీద పడుకునే ఉన్నాడు.

ఆ తర్వాత మా కారు ఎక్కమంటే ఆయన ఎక్కలేదు. చిన్నమ్మ భుజం పట్టుకుని నడిచి వచ్చేవాడు, లేదంటే ఆటో. మా ఆయన స్నేహితులు వచ్చినప్పుడల్లా వాదన మళ్లీ మొదలయ్యేది, పాతదా కొత్తదా అని. నన్నూ అడిగేవాళ్లు, రెండూ నడిపినదాన్ని కదా అని. పాతదే అని నా అరచేతులు అంటాయి. ఆ మాట మాత్రం నేను వాళ్లతో ఎన్నడూ అనలేదు. చాయ్ పెట్టుకొస్తానని లోపలికి పోయేదాన్ని.