ప్రభువు తిరిగిచ్చిన నా నలుపు

అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, వెనక చాప మీద కూర్చున్న పిల్లలకు యేసయ్య నామంలో వందనాలు. సహోదరులారా, సహోదరీలారా, మీలో చాలామంది నన్ను మొన్న తెర మీద చూశారు, కానీ అంతకు ముందు కొన్ని నెలల పాటు మీరెవరూ నన్ను చూడలేదు, ఎందుకంటే ఈ చర్చికి రెండు సందుల అవతల, మా ఇంటి లోపలి గదిలో, కిటికీకి దుప్పటి కట్టుకుని, ముఖానికి చున్నీ చుట్టుకుని నేను పడి ఉన్నాను. ఎండ తగిలితే మంట, పొయ్యి సెగ తగిలితే మంట, ఆఖరికి ఏడిస్తే ఆ కన్నీళ్లు చెంప మీద జారినా మంటే! ఏడవడానికి కూడా వీల్లేని దుఃఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆ గదిలోంచి దేవుడు నన్ను ఎలా బయటికి తెచ్చాడో చెప్పుకోవడానికే ఈ పూట మీ ముందు నిలబడ్డాను, దేవునికే మహిమ!

నన్ను ఎరగని కొత్తవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నా, నా పేరు కరుణ, పుట్టింది పెరిగింది ఈ వనపర్తిలోనే. మా నాయన వాళ్లు హబ్షీలు, వాళ్ల ముత్తాతలు ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి వనపర్తి సంస్థానంలో సిపాయిలుగా చేశారని నాయన మీసం తిప్పి చెప్పేవాడు. అమ్మది గద్వాల. నాయన లారీ నడుపుతూ అక్కడ అమ్మను చూసి, ఆమె కోసం చర్చికి రావడం మొదలుపెట్టి, ఆఖరికి ఆమె కంటే గట్టి విశ్వాసి అయ్యాడు, నేను బడికి పోయే రోజుల్లోనే ప్రభువునందు నిద్రించాడు. ఆయన రంగు, ఆయన రింగుల జుట్టు, ఆయన పెదవులు అన్నీ నాకే వచ్చాయి. బస్టాండులో నిలబడితే ఎవరో ఒకరు దగ్గరికొచ్చి ఏ దేశం అని ఇంగ్లీషులో అడుగుతారు, "ఏ దేశమేందన్నా, గీ వనపర్తే మాది" అంటే అప్పుడు వాళ్ల ముఖం చూడాలి!

పెద్దలకు కోపం రాకపోతే ఒక మాట అంటాను. ప్రతి క్రిస్మసుకు మనం నాటకం వేస్తాం కదా, అందులో సైతాను వేషం వేసేవాళ్లకు రొట్టెల పెంక కింది మసి తెచ్చి ముఖానికి పూస్తారు కదా, నేను నాటకంలోకి వచ్చాక మీకు ఆ మసి పని తప్పింది! ఏటేటా నేను మరియమ్మ వేషం అడిగేదాన్ని, ఏటేటా మీరు నాకు కొమ్ములు కట్టేవాళ్లు. "నీకైతే ఏం పూసే పని లేదు బిడ్డా" అని నవ్వేవాళ్లు, ప్రేమగానే నవ్వేవాళ్లు, నేను మాత్రం ఇంటికి పోయి సబ్బుతో చెంపలు రుద్దుకునేదాన్ని. అయినా ఉన్నమాట చెప్పాలి, ఆ కొమ్ములు పెట్టుకుని నేను గద్దిస్తే ముందు వరుసలో పిల్లలు తల్లుల ఒళ్లో దూరేవాళ్లు, కావాలని కాలు జారి పడితే చర్చంతా పడీ పడీ నవ్వేది. ఆ రుచి నన్ను పట్టేసింది. నటిని కావాలి, ఇంకేదీ వద్దు అనుకున్నాను.

డిగ్రీ అయ్యాక హైదరాబాదు పోయాను. అక్కడ నాకు వేషాలు లేవనుకున్నారా, ఉన్నాయి! మత్తుమందు అమ్మే విదేశీ పిల్ల, పాటలో వెనక నిలబడి ఊగే పిల్ల. ఒకాయనైతే "తెలుగు రానట్టు మాట్లాడమ్మా" అన్నాడు. నాకు వచ్చిందే తెలుగు, అది రానట్టు మాట్లాడమంటే నేనేం మాట్లాడాలి చెప్పండి! అయినా వంకరటింకరగా మాట్లాడాను, వాళ్లు చప్పట్లు కొట్టారు, నాకు మాత్రం నా నోటితో మా అమ్మను నేనే తిట్టినట్టు అనిపించింది.

అట్లా తిరుగుతుంటే ఒక సీరియల్ వాళ్లు పిలిచారు. అందులో కథానాయిక నల్లపిల్ల, రంగు చూసి అందరూ ఈసడించుకునే పిల్ల. మేనేజరు నన్ను పైనుంచి కింది దాకా చూసి "మాకు ఇదే రంగు కావాలి, రేపటి నుంచి వచ్చెయ్" అన్నాడు. నేను వెంటనే అమ్మకు ఫోన్ చేశాను, అమ్మ వెంటనే మీ అందరికీ చెప్పింది, మీరు వెంటనే కృతజ్ఞత కూడిక పెట్టేశారు, గుర్తుందా! మనకది అలవాటే కదా, దేవుడు ఇవ్వకముందే ఇచ్చేశాడని స్తోత్రాలు చెప్పి వండుకుని తినేస్తాం. మా ఇంటి ముందు షామియానా వేసి, బగార అన్నం వండి, కంజీర కొట్టి పాటలు పాడి, ఆ ఫోటోలు నాకు పంపారు. అవి చూసుకుంటూ మురిసిపోతూ నేను షూటింగుకు పోతే అక్కడ కథానాయిక వేరే అమ్మాయి, తెల్లగా మెరిసిపోతున్న అమ్మాయి. ఆమె పక్కన నాకో కుర్చీ వేశారు. మేకప్ వేసే రహీం భాయి నా చెంప చూస్తాడు, గిన్నెలో రంగు కలుపుతాడు, ఆమె చెంపకు పూస్తాడు, మళ్లీ నా చెంప చూస్తాడు. అర్థమైందా సహోదరీలారా! నన్ను పిలిచింది నటించడానికి కాదు, రంగు కలుపుకోవడానికి. జాకెట్ గుడ్డ కొనడానికి చీర కొంగు పట్టుకుని షాపుకు పోతాం చూడండి, అక్కడ నేను ఆ కొంగును.

ఇంటికి వద్దామంటే ఏ ముఖం పెట్టుకుని రావాలి, మీరు అన్నం కూడా తినేశారాయె! అందుకని రోజూ పోయి ఆ కుర్చీలో కూర్చున్నాను. రహీం భాయిది గద్వాల దిక్కే, పని చేసుకుంటూ నన్ను మాట్లాడించేవాడు, నేను మన భాషలో సీరియల్ వాళ్లందరినీ దులిపేస్తుంటే ఆయన నవ్వు ఆపుకోలేక బ్రష్షు పక్కన పెట్టేవాడు. ఇంతలో మేనేజరు "జర రంగు తేలితే నీకు నాయిక స్నేహితురాలి వేషం ఇప్పిస్త" అన్నాడు. నల్లపిల్ల కథలో ఆమె స్నేహితురాలు కూడా నల్లగా ఉండకూడదంట, ఇదేం న్యాయం! కానీ ఆశ పాడుది కదా, ఎవరో చెబితే మందుల షాపులో డాక్టర్ చీటీ లేకుండా ఇచ్చే క్రీము కొనుక్కుని రాయడం మొదలుపెట్టాను. ముఖం తేలింది. అందరూ మెచ్చుకున్నారు. అమ్మకు ఫోటో పంపితే అమ్మ మాత్రం "అన్నం తిన్నవా బిడ్డా" అని మాట మార్చేసింది.

తర్వాత ఏమైందో చాలామందికి తెలుసు. చర్మం పలుచబడి ఎర్రబారింది, పొక్కులు వచ్చాయి, క్రీము మానితే నిప్పులు పోసినట్టు మండేది, రాస్తే ఒక పూట చల్లబడేది, అందుకని ఇంకా ఎక్కువ రాసేదాన్ని. తాగుడు మానలేని మనిషికి, నాకు తేడా లేదు సహోదరులారా, వాళ్లు సీసా దాచుకుంటారు, నేను ట్యూబు దాచుకున్నాను. ఇస్తానన్న వేషం పోయింది, కుర్చీ కూడా పోయింది, చున్నీ కప్పుకుని వనపర్తి బస్సు ఎక్కాను.

మీరంతా వచ్చి ప్రార్థన చేశారు. ఒక పెద్దమ్మ, పేరు చెప్పను, ఇక్కడే కూర్చుని నవ్వుతోంది కూడా, నా తల మీద చెయ్యి పెట్టి "ప్రభువా, ఈ బిడ్డకు మంచి ముఖం ఇయ్యి, ఇచ్చేటప్పుడు జర తెల్లగ గూడ చెయ్యి తండ్రీ" అని ప్రార్థించింది! నాకు ఒళ్లు మండిపోయింది. అందరూ పోయాక తలుపేసుకుని దేవుని మీద అరిచాను. "తండ్రీ, అందరినీ మట్టితోనే చేసినవు గద, నా కాడికొచ్చేసరికి నల్లరేగడి ఎందుకు తీస్కున్నవ్? తీస్కుంటివి పో, మళ్ల నటన మీద ఆశ ఎందుకు పెట్టినవ్? రెండిట్ల ఒకటి వాపసు తీస్కో!" అన్నాను.

మర్నాడు పొద్దున అమ్మ వంటగదిలో జొన్నరొట్టెలు కొడుతోంది. మా అమ్మ ప్రార్థన రొట్టెతోనే నడుస్తుంది, చెయ్యి ఆడుతూ ఉంటే నోరు ప్రార్థిస్తూ ఉంటుంది. ఆ రోజు చప్పుడు ఆగిపోయింది. ఏమైందోనని తలుపు సందులోంచి చూస్తే అమ్మ పిండి చేతులతో కళ్లు మూసుకుని ఇట్లా అంటోంది, "అయ్యా, నా బిడ్డ ముఖం నాకియ్యి. కొత్త ముఖమొద్దు, తెల్ల ముఖమొద్దు, నువ్విచ్చిన గా నల్లముఖమే ఇయ్యి. ఆయన పోయినంక ఆయన ముఖం చూస్కోనీకి నాకు గదొక్కటే ఉండె గద తండ్రీ!" సహోదరులారా, నేను అరిచి అడిగినదానికి దేవుడు అమ్మ నోటితో జవాబు చెప్పాడు. నేను చెరిపేసుకుంటున్నది నా ఒక్కదాని ముఖం కాదు. ట్యూబు తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను, అమ్మ దాన్ని పొయ్యిలో వేసింది, ఆ రోజే నన్ను నాగర్‌కర్నూల్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

అద్భుతం ఒక్క రోజులో జరగలేదు, అబద్ధం చెప్పను. డాక్టరమ్మ చెప్పిన మందులు, తడిగుడ్డలు, అమ్మ పాటలు, మీ ఉపవాసాలు, ఇవన్నీ కలిసి నెలలు పట్టింది. కానీ ఒక పొద్దున అద్దంలో చూస్తే చెవుల పక్కన, గదవ కింద నా రంగు కనిపించింది! మొలకలు వచ్చాయా అని రైతు పొలం చూసుకున్నట్టు రోజూ చూసుకున్నాను, నుదురు వచ్చింది, ముక్కు వచ్చింది, చెంపలు వచ్చాయి. అందరూ తెల్లబడాలని కోరుకునే లోకంలో నల్లబడుతున్నందుకు గంతులు వేసింది నేనొక్కదాన్నే కావచ్చు, హల్లెలూయా!

ఇప్పుడు దేవుని పని చూడండి. రహీం భాయి ఫోన్ చేశాడు. "బేటీ, పాలమూరు మాట మాట్లాడే ఆడమనిషి కావాలంటున్నరు సినిమాల, నీ మాట నేను మర్వలే, జల్ది రా" అన్నాడు. బీచుపల్లి దగ్గర, కృష్ణ ఒడ్డున షూటింగు. హైవే పక్కన చాయ్ హోటల్ నడుపుకునే ఆమె, దాన్ని పడగొట్టడానికి వచ్చినవాళ్ల మీద తిరగబడుతుంది, అదీ వేషం. డైరెక్టరు "మీ ఇంటి కాడ ఎట్ల తిడ్తవో అట్లనే తిట్టు" అన్నాడు. తిట్టాను! లైట్లు పట్టుకున్నవాళ్లు కూడా రెండడుగులు వెనక్కి పోయారు. అయినా నాకు అనుమానం తీరక "సార్, ఈమె ఇంత నల్లగ ఎందుకుందో కథల చెప్తరా?" అని అడిగాను. ఆయన వింతగా చూసి "ఎందుకు చెప్పాలె? హోటల్ ఎందుకు పోతుందో చెప్తే సాలదా?" అన్నాడు. రహీం భాయి పెట్టె తెరిచి, నా ముఖం చూసి, పెట్టె మూసేశాడు. "నేను కలిపేది ఏం లేదు బేటీ" అన్నాడు, ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టింది సీరియల్ వాళ్లు అనుకున్నాను, కాదు, నా మాట ఆ మనిషి చెవిన పడాలని దేవుడే కూర్చోబెట్టాడు!

ఈసారి అమ్మ మీకెవరికీ చెప్పలేదు, కూడిక పెడతారని భయం! మన ఊరి టాకీసులో బొమ్మ పడ్డాకే చెప్పింది. తెర నిండా నా ముఖం, ఏమీ పూయని ముఖం, ఈలలు, చప్పట్లు, అమ్మ సీట్లోంచి లేచి నిలబడి "గట్లనే, అచ్చం గట్లనే ఉంటుండె ఆయన" అని ఏడ్చింది. ఇప్పుడు ఇంకో రెండు సినిమాలకు పిలిచారు. ఇక నల్లరేగడి ఎందుకు తీసుకున్నావని దేవుణ్ణి అడగను, ఏ నేలలో పంట బాగా వస్తుందో మన రైతులకు తెలియదా, ఆయనకు తెలియదా!

చెల్లెళ్లారా, బ్యాగులో అట్లాంటి ట్యూబు దాచుకున్నవాళ్లు ఉంటే సిగ్గుపడకండి, ముందు దవాఖానకు పోండి, నేను తోడు వస్తాను, ఆ తర్వాత మిమ్మల్ని చేసిన చేతిని నమ్ముకోండి, ఆ చెయ్యి జారలేదు. నా సాక్ష్యం విన్న మీ అందరికీ వందనాలు, నన్ను నాకు తిరిగిచ్చిన యేసయ్యకే సమస్త ఘనత.

అయ్యగారూ, చివరగా ఒక్క మనవి. ఈ క్రిస్మసుకు సైతాను వేషం నాకే ఇవ్వండి, నా అంత బాగా వేసేవాళ్లు ఈ సంఘంలో లేరు. కానీ మసి వద్దు, కొమ్ములూ వద్దు. ముఖం నిండా తెల్లగా పౌడరు కొట్టుకుని తియ్యగా నవ్వుకుంటూ వస్తాను. అపవాది వెలుగుదూత వేషంలో వస్తాడని మీరే కదా చెప్పారు, నా దగ్గరికి అట్లాగే వచ్చాడు. మరియమ్మ వేషం మాత్రం అదిగో, చాప మీద నోరు తెరుచుకుని చూస్తున్న ఆ నల్లపిల్లకు ఇవ్వండి. ఆ బిడ్డ ముఖానికి ఎవరూ ఏమీ పూయొద్దు. ఆమేన్.