అక్క చూసిన పురుగులు

ఆ ఆస్పత్రి ల్యాబులో అందరూ ఆయన్ని ఐసు బాబాయ్ అనేవారు. ఇరవై ఏడేళ్లుగా ఆయన నోట ఒకటే మాట: "ఐసు ఏదీ?" సీసా ఐసు పెట్టె బయట కనిపిస్తే చాలు, ఎంత చదువుకున్న వాళ్లనైనా కడిగి పారేసేవాడు.

ఆ గోలకు కారణం లేకపోలేదు. మనిషి కాలేయంలో కాపురం పెట్టే పురుగులున్నాయి, చిన్న ఆకుల్లా చదునుగా ఉంటాయి. మందు మింగితే కొన్ని చస్తాయి. కొన్ని మహా గడుసువి. వాటి ఒంట్లోని ఒక ఎంజైము ఆ మందుకే విరుగుడు చేసి బయటికి గెంటేస్తుంది. బాబాయ్ పని ఆ పురుగుల్ని నూరి, ఆ రసంలో రంగు మందు కలిపి చూడడం. గబుక్కున పసుపు రంగు వస్తే ఎంజైము బలంగా ఉన్నట్టు, పాత మందు దండగ, వేరేది మొదలుపెట్టాలి. రాకపోతే పాతదే చాలు. అయితే చచ్చిన పురుగు వెచ్చబడకూడదు. వెచ్చబడితే దాని జీర్ణరసాలే ఆ ఎంజైమును తినేస్తాయి, గడుసు పురుగు కూడా అమాయకంగా కనిపిస్తుంది.

ఇంత తెలిసిన మనిషి సొంత అక్క దగ్గర తప్పు చేశాడు.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. నీళ్ల గట్టున మొలిచే ఆకు పచ్చిగా నమలడం ఆవిడకు చిన్నప్పటి అలవాటు. ఆ పురుగులు ఒంట్లోకి చేరే దారి అదే. ఒళ్లు పచ్చబడి, జ్వరంతో అదే ఆస్పత్రిలో చేరింది. రెండుసార్లు మందు ఇచ్చినా తగ్గలేదు. చివరికి నోట్లోంచి గొట్టం వేసి పిత్తనాళంలోంచి మూడు పురుగుల్ని లాగారు. సీసా తీసుకోవడానికి బాబాయే వెళ్లాడు.

"ఏదిరా, ఒకసారి చూపించు," అంది అక్క.

"చూసేందుకేముందే, పురుగులు."

"ఏడాదిగా నా ఒళ్లు తింటున్నాయి. వాటి మొహమైనా చూడనివ్వవా?"

కాదనలేక సీసా ఐసులోంచి తీసి చేతికిచ్చాడు. ఆవిడ వెలుగుకు ఎత్తి చూసి నవ్వింది. "ఇంతేనా! వేలెడంత లేవు. వీటికా నేను భయపడింది?"

ఆ నవ్వుతోనే, సీసా గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయింది. కంటి మీద కునుకు లేక ఎన్నాళ్లయిందో. ఆ వేళ్లు విడదీయడానికి ఆయనకు చేతులు రాలేదు. ఆవిడ లేచేసరికి రెండు గంటలు గడిచాయి. సీసా ఆవిడ ఒంటిలాగే కాలుతోంది.

నూరి చూస్తే రంగు వచ్చీ రానట్టు వచ్చింది.

"అదృష్టం బాబాయ్, ఎంజైము బలంగా లేదు. పాత మందే మోతాదు పెంచుదాం," అంది పెద్ద డాక్టరమ్మ. "ఐసులోనే ఉంచావుగా?" అని అడిగి, తనే నవ్వేసింది. "నిన్నా నేనడిగేది!"

ఆయన నోరు పెగల్లేదు. ఆ ఫలితం నిజమే కావాలన్న ఆశ వల్ల అని తర్వాత చెప్పుకున్నాడు. నన్నడిగితే పరువు వల్ల. అందర్నీ అన్నేళ్లు తిట్టిన నోటితో ఆ మాట ఎలా చెబుతాడు?

మూడు వారాలు గడిచాయి. కామెర్లు ఇంకా ముదిరాయి. మళ్లీ గొట్టం వేస్తే ఐదు పురుగులు వచ్చాయి. ఈసారి బాబాయ్ ఐసు పెట్టెను గుండెకు అదుముకుని పరుగెత్తాడు.

"ఏరా, ఈసారి చూపించవా?" అంది అక్క, లోగొంతుతో.

ఆగలేదు. తల కూడా తిప్పలేదు.

కలిపీ కలపగానే చిక్కటి పసుపు తిరిగింది. ఆ సాయంత్రమే కొత్త మందు మొదలుపెట్టారు. కానీ అప్పటికే పిత్తనాళంలో పట్టిన చీము రక్తంలోకి పాకింది. మర్నాటి నుంచి అక్కకు తెలివి లేదు. మూడో రోజున పోయింది.

బాబాయ్ డాక్టరమ్మ దగ్గరికెళ్లి సీసా సంగతి మొత్తం చెప్పాడు. "ఆ రోజే చెప్పుంటే మూడు వారాలు మిగిలేవి," అందావిడ.

ఆయన తలూపాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"రెండోసారి కూడా చూపించమని అడిగిందమ్మా," అన్నాడు. "ఐసు కరిగిపోతుందని ఆగలేదు."