రెండు ఊళలు

గొంతు పోయిందని ఊళాయన అందరికీ చెప్తుంటాడు. అటవీ శాఖవాళ్లు మళ్లీ పనికి రమ్మన్నా అదే మాట, డాక్టరు అడిగినా అదే మాట. ఆ గొంతు ఎక్కడికీ పోలేదు, శుభ్రంగా ఉంది. కూరలో ఉప్పెక్కువైందని భార్య మీద ఎగిరినప్పుడు వీధి చివరిదాకా వినబడుతుంది.

అటవీ శాఖలో ఆయన ఉద్యోగం తోడేలులా ఊళ వేయడం. నవ్వొస్తే నవ్వండి, ఆయన మామగారే నవ్వాడు. "గవర్నమెంటు ఉద్యోగమన్నారు కదమ్మా, ఇదా?" అని కూతుర్ని పక్కకు పిలిచి అడిగాడట. తోడేలు అంత తేలిగ్గా మనిషి కంటపడదు. అందుకని పొద్దు వాలే వేళ గట్టెక్కి, చేతులు దొప్పలా నోటి దగ్గర పెట్టుకుని ఒక ఊళ వేసి, ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఏ దిక్కునుంచి జవాబొస్తే ఆ దిక్కున తోడేళ్లున్నట్టు. పిల్లలుంటే ఉండబట్టలేక సన్నగా, గందరగోళంగా అవీ అందుకుంటాయి. ఆ గోల విన్నరోజు ఊళాయన ఇంటికి మిఠాయి పట్టుకెళ్లేవాడు.

ఆయన దగ్గర రెండు ఊళలుండేవి. ఒకటి మనుషుల కోసం. చుట్టాల పిల్లలకీ, ఆఫీసుకొచ్చిన పెద్దవాళ్లకీ వేసి చూపించేది. పొడుగ్గా, వినేవాళ్లు అబ్బో అనేలా ఉంటుంది. దానికి ఏ తోడేలూ పలకదు. రెండోది గట్టు మీద తప్ప ఎక్కడా వేయడు. అది చిన్నది, చివర్లో కాస్త విరుగుతుంది. ఆ ఊళకు వాగు లోయలో ఉండే ఒక ఆడ తోడేలు ఏళ్ల తరబడి పలికేది. దాన్ని ఆయన 'మా పెద్దావిడ' అనేవాడు. "అయితే నేను చిన్నావిడనా?" అని భార్య దెప్పేది.

ఇంతలో, తోడేళ్లను చంపకూడదన్న చట్టాన్ని ఎత్తేయాలని సభలో బిల్లు పెట్టారు. ఊరంతా రెండుగా చీలింది. అక్కగారింట్లో అన్నాల దగ్గరా అదే గొడవ. బావకు గొర్రెల మంద ఉంది మరి.

"మీ పెద్దావిడకి తిండి పెట్టేది నేనూ, జీతం తీసుకునేది నువ్వూనా?" అనేవాడు బావ.

"పరిహారం ఇస్తున్నారుగా బావా."

"చూలు గొర్రెను పీకేస్తే, కడుపులోదానికి ఎవడిస్తాడ్రా? పొద్దున్నే వచ్చి చూడు, అప్పుడు మాట్లాడు."

వెళ్లి చూశాడు. గొంతు చీరిన గొర్రె పక్కన బావ చతికిలబడి దాని చెవి నిమురుతున్నాడు. బావ చెడ్డవాడు కాడు. ఈ కథలో నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

చర్చకని టీవీవాళ్లు ఊళాయనను పిలిచారు. ఎదురుగా బిల్లు తెచ్చిన పార్టీ నాయకుడు. ఆ పెద్దమనిషి తోడేళ్లు మరీ ఎక్కువైపోయాయన్నాడు, అదే నోటితో అసలు లేనే లేవనీ అన్నాడు. "ఈయన ఈ కొండెక్కి అరుస్తాడు, వీళ్ల మనిషే ఇంకో కొండెక్కి అరుస్తాడు, అదీ వీళ్ల లెక్క! ఏదీ సార్, ఓసారి అరవండి, మేమూ వింటాం."

ఊళాయన మనుషుల ఊళ వేశాడు. అందరూ పడీపడీ నవ్వారు.

"దీనికి మా ఇంట్లో కుక్క కూడా పలకదు" అన్నాడు నాయకుడు.

రోషం కొంప ముంచింది. ఊళాయన చేతులు నోటి దగ్గర పెట్టుకుని రెండోది వేశాడు. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. కెమెరా దగ్గరున్నతను వెనక్కి తిరిగి చూసుకున్నాడు. తెల్లారేసరికి ఆ ముక్క ప్రతి ఫోన్‌లోకీ పాకింది. "ఒళ్లు జలదరించిందిరా" అని బావ కూడా ఫోన్ చేశాడు. ఊళాయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

అయినా బిల్లు గట్టెక్కింది. ఇక ఎవరైనా కాల్చవచ్చు. లోయలోకి దారి లేదు, మనిషి వాసన తగిలితే పెద్దావిడ బయటికి రాదు, పిల్లలున్న తల్లి అసలే రాదు అని తనకు తనే ధైర్యం చెప్పుకున్నాడు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం అక్కగారింటికి వెళ్లాడు. బావ మంద దగ్గరికెళ్లాడని చెప్పి అక్క టీ ఇచ్చింది. మొదటి గుక్క నోట్లో ఉండగానే ఇంటి వెనక గట్టు మీంచి ఊళ వినబడింది. చిన్నది. చివర్లో కాస్త విరిగింది. ఊళాయన చెయ్యి దానంతటదే గొంతు మీదికి వెళ్లింది. నోటినిండా టీ ఉంది. వినబడుతున్నది మాత్రం తన గొంతే.

"అదేంట్రా, నువ్విక్కడుంటే మరి..." అంది అక్క.

లోయలోంచి జవాబొచ్చింది.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాడు. గట్టు మీద బావ, ఆయన జీపు, దాని మీద ఫోన్‌కి తగిలించిన స్పీకరు, పక్కన తుపాకీతో ఒక వేటగాడు. పెద్దావిడ అప్పటికే పొదలు దాటి బయటికొచ్చేసింది. పొంచి రావడం లేదు, బెదురు లేదు. తెలిసినవాళ్లింటికి వస్తున్నట్టు తిన్నగా వస్తోంది. ఇన్నేళ్లలో ఆయన దాన్ని కళ్లారా చూడటం అదే మొదలు.

"పో! పోవే, పో!" అని గొంతు చించుకుని అరిచాడు.

ఆ అరుపుకు అది ఆగింది. తల తిప్పి ఆయనవైపు చూసింది. అప్పటిదాకా గురి కుదరని తుపాకీ అప్పుడు పేలింది.

"భలే ఆపారండీ! మామూలుగా ఈల వేసి ఆపుతాం" అన్నాడు వేటగాడు.

"బాధపడతావని నీకు చెప్పలేదురా" అన్నాడు బావ. "నీ గొంతుకైతేనే వస్తుందని నువ్వేగా అనేవాడివి. పోనీలే, ఇవాళ్టితో మన గొడవ తీరిపోయింది."

ఊళాయనకు బావను కొట్టాలనిపించింది, చెయ్యి లేవలేదు. స్పీకరు ఆపాలని ఎవరికీ తోచలేదు. అదే ఊళ, మళ్లీ మళ్లీ అదే ఊళ. లోయలోంచి సన్నగా, గందరగోళంగా పిల్లలు అందుకున్నాయి. వేటగాడు తుపాకీలో ఇంకో తూటా పెట్టాడు.

ఊళాయన స్పీకరు లాగి రాయికేసి కొట్టాడు. ఊళ ఆగింది, పిల్లలు ఆగలేదు. పొదలు కదులుతున్నాయి. ఊళ వేస్తే వస్తాయి. అరిస్తే ఆగి చూస్తాయి. ఊళాయన వెళ్లి తుపాకీకి అడ్డంగా నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.