చాయ్ తాగితే తిన్నట్టా?

ఒక్క పొద్దుటిపూటలో మా బస్తీ మొత్తానికి షుగర్ తెప్పించినవాడిని నేను. ఏ మందూ మాకూ కలపలేదు. ఒక లాప్‌టాప్ సరిపోయింది. ఆ దెబ్బకు ముప్పై ఏళ్లుగా నడుస్తున్న చాయ్ కౌంటర్ ఒకటి మూతపడే దాకా వచ్చింది, పై ఆఫీసు కదిలింది (పై ఆఫీసు కదలడం ఎంత అరుదో తెలిసినవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆశ్చర్యపోవచ్చు), నా పరువు అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా ఊరేగింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం రాలేదు.

గ్రూప్ పరీక్షలు రాసీ రాసీ, ముప్పై ఒకటో ఏట అమీర్‌పేటకూ పంజాగుట్టకూ మధ్య సందులో ఉన్న ఒక సర్కారు దవాఖానాలో కాంట్రాక్టు ఉద్యోగం సంపాదించాను. పని రిపోర్టులు. ముప్పై దాటిన ప్రతి మనిషికీ షుగర్ పరీక్ష చేయాలి, ఎవరికి ఎంత వచ్చిందో ఎక్కించాలి, నెలాఖరుకు మాసబ్ ట్యాంక్‌లోని పై ఆఫీసుకు పంపాలి. అక్కడ వాళ్లు ఆ లెక్కలు చూసి ఏ బస్తీకి ఎన్ని మాత్రలు, ఎక్కడ ఏ ప్రచారం అని ప్లాన్ తయారుచేస్తారు. అంటే నగరం ఆరోగ్యమంతా నా వేళ్ల చివర ఉందన్నమాట. ఈ మాట నాతో ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో నా గదివాళ్లు ముగ్గురూ ఇంకా కోచింగుల్లోనే ఉండేవారు. నా మెడలో మాత్రం ఐడీ కార్డు వేలాడేది. దాన్ని స్నానానికి వెళ్లేటప్పుడే తీసేవాడిని.

చిక్కల్లా ఏమిటంటే, పరీక్షకు జనం రారు. మా సిస్టర్ యాదమ్మ ఇరవై ఏళ్లుగా ఆ బస్తీవాళ్ల చేతులకు సూదులు గుచ్చుతున్న మనిషి. ఆమె మొదటి రోజే చెప్పింది.

"ఎవ్వరు రారు సార్. సూదంటే భయం. షుగరున్నదని తెలుస్తదంటే ఇంకింత భయం."

"నేను రప్పిస్తా, చూడు."

"మీకన్న ముంగట వచ్చిన ముగ్గురు సార్లు సుత గిదే అన్నరు."

దవాఖానాకు ఎదురుగా జబ్బార్ భాయ్ హోటల్ ఉండేది. లోపల నాలుగు బల్లలు, బయట ఒక కౌంటర్. ఆ కౌంటర్ మీదే పొద్దున్నే బస్తీ అంతా చేరేది. నేను వెళ్లి, "భాయ్, ఆదివారం షుగర్ క్యాంపు పెడుతున్నం. వచ్చినోళ్లకు చాయ్ ఫ్రీ అని బోర్డు రాస్త. ఇస్తవా?" అని అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"సవాబ్ పని భాయ్, పుణ్యమొస్తది. ఉస్మానియా బిస్కెట్ సుత ఇస్త."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆయన చాయ్‌కి నా పేరు పెట్టి బోర్డు రాయించాను. పరీక్ష అయ్యాకే చాయ్ అని ఆయనకు చెప్పాను కూడా. పరగడుపున చూసే పరీక్ష కదా, నాకు ఆ మాత్రం తెలుసు. ఇంకా ఎంత మాత్రం తెలుసో మీరే చూడబోతున్నారు.

ఆదివారం ఉదయం ఏడింటికి వచ్చి చూస్తే వరుస దవాఖానా గుమ్మం దాటి సందు మలుపు దాకా ఉంది. నా ఛాతీ ఉబ్బింది. అందరికీ ధైర్యం చెబుదామని రిజిస్టర్లో మొదటి వరుసలో నా పేరే రాశాను. పేరు శ్రీనివాస్, వయసు ముప్పై ఒకటి, పరగడుపు షుగర్ తొంభై రెండు. ఆ తొంభై రెండు ఎక్కడిది అంటారా? చూడటానికి ముచ్చటగా ఉందని రాశాను. ఆరోగ్యశాఖ మనిషికి షుగర్ ఎందుకుంటుంది? పోలీస్ స్టేషన్లో దొంగలు పడతారా?

యాదమ్మ సూది గుచ్చుతుంటే నేను లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కొక్కరినీ అడిగాను.

"ఏమన్నా తిన్నరా?"

"ఏం తినలే సార్."

అందరిదీ అదే జవాబు. పొరపాటున ఒక్కరైనా తిన్నామంటే ఒట్టు. నేను టకటకా 'పరగడుపు' అని నొక్కుకుంటూ పోయాను. పదో మనిషి దగ్గర యాదమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"సార్, గీల్లందరు చాయ్ తాగొచ్చిన్రు."

"తినలేదంటున్నరు కదా?"

"తినలే సార్. తాగిన్రు."

బయటికి తొంగిచూశాను. నిజమే. జబ్బార్ భాయ్ వరుస పొడవునా ట్రే పట్టుకుని తిరుగుతున్నాడు. పరుగెత్తాను.

"భాయ్, పరీక్ష అయినంక అని చెప్పిన కదా?"

"చెప్పినవ్. కాని నా దుకాణం ముంగట మనిషి అద్ద గంట నిలబడితే ఖాలీ చేతులతోని ఎట్ల నిలబెడ్త శీను భాయ్? మా అబ్బా ఉన్నప్పటి సంది ఎవ్వర్ని నిలబెట్టలే."

అసలు, నన్ను నిలదీస్తే ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ పొద్దున నేనూ రెండు చాయ్‌లు తాగి, వాటిలో నాలుగు బిస్కెట్లు ముంచి, హాస్టల్ కుర్రాడితో "ఇంకా ఏం తినలే, ఆకలైతుంది" అని చెప్పి వచ్చినవాడినే. ఈ నగరంలో చాయ్ తిండి కింద రాదు. అది పలకరింపు కింద వస్తుంది. బిస్కెట్ చాయ్‌లో భాగం. కాబట్టి లోపలికొచ్చి యాదమ్మకు నా తీర్పు వినిపించాను.

"చాయ్ అంటే ద్రవం. ద్రవం తాగితే పరగడుపు చెడదు."

"గట్లనా సార్?" అంది యాదమ్మ. ఆ "గట్లనా"లో ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. నేను వినిపించుకోలేదు.

ఇక చూస్కోండి. చక్కెర పాకం లాంటి ఆ చాయ్, దానిపైన బిస్కెట్లు పడ్డ రక్తం ఏం చూపిస్తుంది? ఒకరి తర్వాత ఒకరికి గీత దాటింది. నెలాఖరు దాకా ఆగలేక ఆ సాయంత్రమే రిపోర్టు పంపేసరికి మా బస్తీలో నార్మల్‌గా ఉన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందులో మొదటి పేరు నాది.

మర్నాడే మాసబ్ ట్యాంక్ నుంచి ఫోను. ప్రోగ్రాం ఆఫీసరు మేడం, గుంటూరు వైపు మనిషి.

"శ్రీనివాస్ గారూ, ఏంటండీ ఈ లెక్కలు? మీ బస్తీలో ఏం జరుగుతోంది?"

"చాలా సీరియస్ పరిస్థితి మేడం," అన్నాను గొంతు బరువు చేసి.

"మరి కారణం, కార్యాచరణ అని రెండు గడులున్నాయి, ఖాళీగా వదిలేశారేంటి? అవి నింపి పంపండి. మేం ప్లాన్ చెయ్యాలి."

ఖాళీ గడి చూస్తే నాకు చెయ్యి దురద. కిటికీలోంచి ఎదురుగా చూశాను. జబ్బార్ భాయ్ గిన్నెలోకి చక్కెర వంపుతున్నాడు. ఇంకేం, దొరికింది. 'కారణం: సమీప హోటల్ టీలో చక్కెర మితిమీరిన వాడకం. కార్యాచరణ: సదరు హోటల్ బయటి కౌంటర్ తొలగింపు.' ఎంత చక్కగా కుదిరిందో అని రెండుసార్లు చదువుకుని మురిసిపోయి పంపాను. నాలాంటివాళ్లు రాసినవి ఎవరు చదువుతారులే అని ధైర్యం.

వారం తిరక్కుండా జబ్బార్ భాయ్ దవాఖానాకు వచ్చాడు. చేతిలో ఒక కాగితం.

"శీను భాయ్, గిది మున్సిపాలిటోల్లు ఇచ్చి పోయిన్రు. నాకు సమజైతలే. నువ్వు గవర్నమెంటోనివి గదా, జర చదువు."

చదివాను. 'సమీప హోటల్ టీలో చక్కెర మితిమీరిన వాడకం...' ఒక్క అక్షరం మారలేదు. నా వాక్యమే, నా ముచ్చటైన వాక్యమే, స్టాంపు వేయించుకుని తిరిగొచ్చింది. పదిహేను రోజుల్లో కౌంటర్ తీసేయాలట.

"కౌంటర్ పోతే హోటల్ పోయినట్టే భాయ్," అన్నాడు ఆయన నెమ్మదిగా. "లోపలికి వచ్చి కూసునేటోల్లు ఎంతమంది? నా మీద గింత పెద్ద శికాయత్ ఎవడు చేసిండో. నేనెవ్వరికి చెడ్డ చెయ్యలే."

నాకు చాలా సిగ్గేసింది. దీన్ని తమాషా చేసి చెప్పలేను. నన్ను నమ్మి నా క్యాంపుకు చాయ్ పోసిన మనిషి, నన్నే నమ్మి ఆ కాగితం చదవమని నా చేతిలో పెట్టాడు. చెప్పకుండా ఉండటం చేతకాలేదు.

"నేనే భాయ్."

ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. "చాయ్ తాగినవా పొద్దున్నుంచి?" అని మాత్రం అడిగాడు. తాగలేదన్నాను. "మరి తాగు. ఖాలీ కడుపుతోని బుర్ర పని చెయ్యది."

యాదమ్మ మూలన కూర్చుని సూదులు సర్దుతోంది. "రాసినోడే పోయి కొట్టేపియ్యాలె సార్," అంది తల ఎత్తకుండా.

మాసబ్ ట్యాంక్‌లో మేడం ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"టీ తాగితే తిన్నట్టు కాదని మీకెవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు మేడం. మా దగ్గర అందరూ అంతే."

"ఆదివారం నేనే వస్తాను. అందరికీ మళ్లీ పరీక్ష, నా కళ్ల ముందు. లెక్క మారితే నోటీసు నేనే ఆపిస్తాను. మారకపోతే కౌంటరూ ఉండదు, మీరూ ఉండరు."

ఆ శనివారం నేనూ యాదమ్మా ఇంటింటికీ తిరిగాం. "ఏం తినొద్దు, ఏం తాగొద్దు, చాయ్ సుత తాగొద్దు" అని ఆమె ప్రతి గడపలో చెప్పింది. "చాయ్ సుతనా?" అని ప్రతి గడపలోనూ అడిగారు. ఆదివారం పొద్దున జబ్బార్ భాయ్ తన ముప్పై ఏళ్ల వ్యాపారంలో మొదటిసారి తొమ్మిదింటి దాకా పొయ్యి వెలిగించలేదు. వరుసలో నిలబడ్డవాళ్లంతా చల్లారిన గిన్నె వైపు చూస్తుంటే, ఆయన తల దించుకుని కౌంటర్ తుడిచిందే తుడిచాడు. మనుషుల్ని ఉత్త చేతులతో నిలబెట్టడం ఆయనకు నోటీసు కంటే కష్టంగా ఉన్నట్టుంది.

మేడం రిజిస్టర్ తెరిచారు. "వరుస ప్రకారం వెళ్దాం. మొదటి పేరు... శ్రీనివాస్. మీరేనా? రండి."

"నాది నార్మలే మేడం. తొంభై రెండు. టైం వేస్టు."

"కూర్చోండి. ఏమైనా తిన్నారా?"

"లేదు మేడం."

"తాగారా?"

"భయానికి రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ లేదు మేడం."

యాదమ్మ గుచ్చింది. మిషన్ కూత పెట్టింది. ఆమె చూసి, ఇంకో వేలు గుచ్చింది. మళ్లీ కూత.

"రెండు వందల పద్నాలుగు," అంది యాదమ్మ, వరుస చివరి దాకా వినపడేలా.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. నార్మల్, నార్మల్, నార్మల్. నిజంగా షుగరున్నవాళ్లు కొద్దిమంది తేలారు, వాళ్లకు ఆ రోజే చీటీలు రాశారు. మిగతా బస్తీ అంతా కళకళలాడుతోంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అంటారు. ఊరందరికీ షుగర్ అంటగట్టిన ఉలిపికట్టెకే అది నిక్షేపంగా ఉంది. ల్యాబ్ పరీక్ష కూడా తర్వాత అదే మాట చెప్పింది.

మేడం అక్కడే నిలబడి ఫోన్లో నోటీసు ఆపించారు. తర్వాత లాప్‌టాప్ నా వైపు తిప్పారు. "సవరించిన రిపోర్టు పంపండి. ఆ రెండు గడులూ మళ్లీ నింపండి. ఈసారి నిజం రాయండి."

జబ్బార్ భాయ్ పొయ్యి వెలిగించాడు. వరుస మొత్తం ఒక్క ఊపున కౌంటర్ మీద పడింది. కాసేపటికి ఆయన ఒక కప్పు తెచ్చి నా ముందు పెట్టాడు. తాగి చూస్తే చక్కెర లేదు.

"గిది నీ ఒక్కనికే స్పెషల్ భాయ్. జిందగీ మొత్తం ఫ్రీ."

ఆ చేదు చాయ్ ఎడమ చేత్తో పట్టుకుని, గుచ్చిన రెండు వేళ్లున్న కుడి చేతిని రిజిస్టర్ మీద పెట్టి, యాదమ్మ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇక ఈ జన్మలో ఎవరినీ 'తిన్నారా' అని మాత్రమే అడగను, 'తాగారా' అని కూడా అడుగుతాను. ముచ్చటగా ఉందని ఏ అంకెనూ వేయను. ఖాళీ గడిని చూసి చెయ్యి దురదపెడితే గోక్కుంటాను తప్ప నింపను.

ఆ ప్రతిజ్ఞకు ముందు చివరిసారిగా రెండు గడులు నింపాను. కారణం: రిపోర్టు రాసినవాడు. కార్యాచరణ: సదరు వ్యక్తికి పూటకో మాత్ర.